సినిమా ఎట్టుండాది?



నెల్లూరుకు పడమటనున్న కలువాయి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కొత్త సినిమాను పెద్ద తెర మీద చూడాలనుకుంటే ఆత్మకూరుకో, పొదలకూరుకో, తీరిక ఉంటే నెల్లూరుకో పోతారు. తిరిగొచ్చినవాళ్లను ఇంటివాళ్లూ ఇరుగుపొరుగూ మొదట అడిగే మాట 'సినిమా ఎట్టుండాది?' అనే. జవాబులూ మనం ఎరిగినవే. 'బాగుండాది', 'పర్లేదు, ఒకసారి చూడొచ్చు', 'ఇంటర్వెల్ దాకా బాగుండాది, ఆ తర్వాత లాగినాడు', 'తండ్రి చనిపోయే సీన్లో ఏడుపొచ్చింది గానీ అంతకుముందు అంతా గోల'. ఈ మాటలు చెప్పేవాళ్లు సినిమా గురించి చదువుకున్నవాళ్లు కారు, రాసేవాళ్లూ కారు. పని ముగించుకుని, డబ్బు పెట్టి, మూడు గంటలు కూర్చుని వచ్చినవాళ్లు. వాళ్ల అభిప్రాయానికి ఎంత విలువ ఇవ్వాలి, ఏ రకంగా ఇవ్వాలి అన్నది ఈ ప్రసంగంలో నేను ఆలోచించదలచుకున్న విషయం. నా వాదన ముందే చెప్తాను. మామూలు ప్రేక్షకుడు సినిమా గురించి చెప్పేది సాక్ష్యం. తాను ఎక్కడ లీనమయ్యాడో, ఎక్కడ విసుగుపడ్డాడో, ఏది నమ్మాడో, ఏది నమ్మలేకపోయాడో చెప్పడానికి అతన్ని మించిన అధికారి లేడు. అయితే ఇవాళ మనం ఆ సాక్ష్యాన్ని వినకుండా, చివర అతను అన్న 'హిట్టు', 'ఫ్లాపు' అన్న ఒక్క ముక్కనే పట్టుకుని దాన్నే తీర్పుగా చలామణీ చేస్తున్నాం. దీనివల్ల ప్రేక్షకుడికీ సినిమాకూ అన్యాయం జరుగుతోంది.

అభిప్రాయం ఊరూరూ తిరిగిన తీరు మొదట చూద్దాం. తెలుగు టాకీ 1932లో 'భక్త ప్రహ్లాద'తో మొదలైంది. అప్పటి నుంచి డెబ్భై ఏళ్లకు పైగా సినిమా అంటే ఒక వస్తువు, డబ్బాల్లో పెట్టిన ఫిలిం రీళ్లు. ప్రింట్లు కొద్దిగా తీసేవారు, అవి ముందు పట్టణాలకు వెళ్లేవి. పంపిణీదారులు ఊళ్లను ఏ, బీ, సీ సెంటర్లుగా విడగొట్టుకున్నారు. నగరంలో ఆడిన తర్వాత ఆ ప్రింటే తాలూకా కేంద్రానికి, అక్కడి నుంచి రేకుల హాలుకో టూరింగ్ టాకీసుకో వచ్చేది. పడమటి నెల్లూరు పల్లెలకు ఆ ప్రింటు చేరేసరికి నెలలు గడిచేవి, తెర మీద గీతలు కూడా పడేవి. సినిమా కన్నా ముందే దాని గురించి మాట వచ్చేది. బస్సు కండక్టరు, సంతకు పోయొచ్చినవాళ్లు, సెలవులకు వచ్చిన కాలేజీ పిల్లలు ఆ మాట తెచ్చేవారు. రేడియో కూడా తెచ్చింది. ఆకాశవాణి ప్రసారం చేసిన సంక్షిప్త శబ్దచిత్రాలు విని, సినిమా చూడకుండానే సంభాషణల మీద, నటుల గొంతుల మీద అభిప్రాయం ఏర్పరచుకున్న ఇళ్లు ఎన్నో. ఆ రోజుల్లో అభిప్రాయం నెమ్మదిగా నడిచేది, నడిచే కొద్దీ దానికి కారణాలు కూడా తోడయ్యేవి. 'బాగలేదంట' అన్నవాణ్ని 'ఏం, ఎందుకు బాగలేదు?' అని అడిగే వ్యవధి ఉండేది. ఎదురుగా ఉన్న మనిషి కనుక జవాబు చెప్పక తప్పేది కాదు.

2000 తర్వాతి దశకంలో డిజిటల్ ప్రొజెక్షన్ వచ్చింది. ఉపగ్రహం ద్వారా, హార్డ్ డిస్కుల ద్వారా సినిమా ఒకే రోజు హైదరాబాదుకూ ఆత్మకూరుకూ చేరడం మొదలైంది. ఇది నిజంగా గొప్ప మార్పు. పల్లె ప్రేక్షకుడు గీతలు పడ్డ ప్రింటు కోసం కాచుకోనక్కర్లేదు, పట్టణంవాళ్లు తేల్చేసిన తర్వాత మిగిలినది చూడనక్కర్లేదు. తన అభిప్రాయం తానే మొదట ఏర్పరచుకునే అవకాశం అతనికి చరిత్రలో మొదటిసారి దక్కింది. అయితే అదే సమయంలో ఫోను చేతికొచ్చింది. ఇవాళ మొదటి ఆటకు హైదరాబాదులో ఇంటర్వెల్ పడేసరికి, అమెరికాలో ప్రీమియర్ చూసినవాళ్ల మాట మన ఫోనులో ఉంటుంది. సినిమా అందరికీ ఒకేసారి చేరుతోంది గానీ అభిప్రాయం మాత్రం ఇప్పటికీ పైనుంచి కిందికే వస్తోంది. అందులోనూ ఇప్పుడు దానితో పాటు కారణాలు రావడం లేదు, అంకె వస్తోంది. ఐదుకు రెండున్నర, ఐదుకు మూడు.

ఆ మొదటి మాట ఎవరిదో కూడా గమనించాలి. 2024 డిసెంబరులో 'పుష్ప 2' వచ్చినప్పుడు ముందురోజు రాత్రి ప్రత్యేక ప్రదర్శనకు ఆంధ్రప్రదేశ్‌లో టికెట్టు ధరను జీఎస్టీ కాక 800 రూపాయలుగా అనుమతించారు. ఆ ఏడాది అక్కడ ఉపాధి హామీ పథకం కింద రోజు కూలి 300 రూపాయలు. అంటే రెండున్నర రోజుల కూలికి పైన పెట్టగలిగినవాళ్లు, రాత్రి తొమ్మిదిన్నరకు బయటికి రాగలిగినవాళ్లు, ముఖ్యంగా వయసు మగపిల్లలు, అందులోనూ ఆ నటుడి అభిమానులు చూసిన ఆట అది. హాలు బయట మైకులు పట్టుకుని నిలబడినవాళ్లకు దొరికేదీ వీళ్లే. హైదరాబాదు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ లాంటి చోట హాల్లోంచి బయటకు అడుగుపెట్టిన పిల్లవాడి ముందు మైకు పెట్టి 'ఎలా ఉంది బ్రో?' అంటారు. అతని చెవుల్లో ఇంకా నేపథ్య సంగీతం హోరు తగ్గి ఉండదు. అతను గట్టిగా అరిస్తే అది పబ్లిక్ టాక్ అవుతుంది. ఇందులో ఆ పిల్లవాడి తప్పేమీ లేదు. అతను తన సంతోషాన్నో నిరాశనో నిజాయతీగానే చెప్తున్నాడు. లోపం ప్రశ్నలోనే ఉంది. ఆలోచన ఇంకా మొదలవని క్షణంలో, ఆలోచన ముగిసిన తర్వాత చెప్పాల్సిన మాట అడుగుతున్నారు. పైగా పొద్దున నిమ్మకాయలు కోసి సాయంత్రం బస్తాలు కట్టే మనిషి, పది రోజులు పోయాక ధర తగ్గినప్పుడు సినిమా చూసే మనిషి, ఈ 'పబ్లిక్' లెక్కలోకే రావడం లేదు.

మొదటి రోజుల స్పందనను తీర్పుగా తీసుకుని ఉంటే మనకు దక్కకుండా పోయే సినిమాల్లో అందరికీ తెలిసినది 'శంకరాభరణం'. 1980 ఫిబ్రవరిలో విడుదలైంది. పేరున్న నాయకుడు లేడు, ముఖ్యపాత్ర వేసిన జె.వి. సోమయాజులు అప్పటికి ప్రభుత్వోద్యోగి, కథ ఒక వృద్ధ సంగీత విద్వాంసుడిది. కొనడానికి పంపిణీదారులు వెనకాడారు, మొదటి రోజుల్లో హాళ్లు దాదాపు ఖాళీగా ఉన్నాయి. తర్వాత అదే సినిమాకు టికెట్లు దొరకని పరిస్థితి వచ్చింది, మాతృభాష తెలుగు కాని రాష్ట్రాల్లో కూడా ఆడింది, జాతీయ పురస్కారం అందుకుంది. ఈ మార్పు పోస్టర్ల వల్ల రాలేదు, అప్పటికి టీవీ ప్రచారం లేదు. ఖాళీ హాల్లో కూర్చుని చూసిన ఆ కొద్దిమంది ఇంటికి పోయి చెప్పిన మాటే దాన్ని నడిపించింది. వాళ్లు ఏం చెప్పి ఉంటారో ఊహించండి. 'సూపర్ హిట్' అన్నంత మాత్రాన శాస్త్రీయ సంగీతం సినిమాకు ఎవరూ కదలరు. పాట గురించి, ముసలాయన పట్టుదల గురించి, తులసి పాత్ర గురించి, చూసినది చూసినట్టు చెప్పి ఉంటేనే ఎదుటివాడికి ఆశ పుడుతుంది. మామూలు ప్రేక్షకుడి మాటకు ఉన్న బలం ఏదని నన్నడిగితే నేను మొదట చూపించేది ఈ సినిమానే. అదే సమయంలో, ఆ బలం పనిచేయడానికి కాస్త కాలం కావలసి వచ్చిందన్న సంగతినీ ఇదే చూపిస్తుంది.

ఇంకో రకం సాక్ష్యం 'ఖలేజా'ది. త్రివిక్రమ్ శ్రీనివాస్, మహేష్‌బాబు కలిసి చేసిన 'అతడు' 2005లో వచ్చింది. వాళ్లిద్దరి రెండో సినిమా 'ఖలేజా' 2010 అక్టోబరులో విడుదలైంది. అంతకుముందు మూడేళ్లు మహేష్‌బాబు సినిమా రాలేదు. జనం ఎదురుచూసినది ఒకటి, తెర మీద వచ్చినది ఇంకొకటి. గంభీరంగా ఉంటాడనుకున్న నటుడు ఆగకుండా మాట్లాడే టాక్సీ డ్రైవరుగా వచ్చాడు, హాస్యంలోంచి ఉన్నట్టుండి దేవుడి గురించిన చర్చలోకి కథ జారింది. హాళ్లలో ఆడలేదు. ఆ తర్వాత టీవీలో వేసిన కొద్దీ అదే జనం దాన్ని ఇష్టపడ్డారు, మాటలు కంఠస్థం చేశారు, 2025 మే నెలాఖరులో మళ్లీ విడుదల చేస్తే పండగలా చూశారు. రీళ్లు మారలేదు, చూసినవాళ్లూ చాలావరకు వాళ్లే. మరి 2010 నాటి అభిప్రాయం అబద్ధమా? నేనలా అనుకోను. ఆనాడు వాళ్లు నిరాశపడిన మాట నిజం. కాకపోతే ఆ నిరాశలో సినిమా వాటా ఎంత, తాము పెంచుకున్న ఆశ వాటా ఎంత అన్నది హాలు గుమ్మం దగ్గర విడదీసి చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అంచనా లేకుండా, టికెట్టు ఖర్చు లేకుండా, ఇంట్లో అన్నం తింటూ చూసినప్పుడు సినిమా ఒక్కటే మిగిలింది. 'నేను అనుకున్నట్టు లేదు' అన్న మాటనూ 'బాగలేదు' అన్న మాటనూ ప్రేక్షకుడు తనకు తానే వేరు చేసుకోగలిగితే అతని సాక్ష్యం మరింత నిక్కచ్చి అవుతుంది. మొదటి మాట చెప్పడానికి చిన్నతనం పడాల్సిందేమీ లేదు.

ఇక మామూలు ప్రేక్షకుడు విమర్శకుడి కన్నా ఎక్కువ తెలిసినవాడయ్యే సందర్భాలున్నాయి. ఈ భాగం మీద నాకు పట్టింపు ఎక్కువ, ఎందుకంటే దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. కలువాయి, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలకు పడమటి గోడలా వెలిగొండలున్నాయి. కడప, చిత్తూరు జిల్లాలతో పాటు ఈ నెల్లూరు కొండల్లోనూ ఎర్రచందనం పెరుగుతుంది. 2021 డిసెంబరులో ఎర్రచందనం స్మగ్లింగ్ కథతో 'పుష్ప' వచ్చినప్పుడు హైదరాబాదులో, ముంబయిలో చూసినవాళ్లకు ఎర్రచందనం ఒక కొత్త వింత. ఇక్కడివాళ్లకు అది వింత కాదు. చెట్టు ఎలా ఉంటుందో తెలుసు, అటవీశాఖ చెక్‌పోస్టులు తెలుసు, పట్టుబడిన దుంగల వార్తలు తెలుసు, పట్టుబడేవాళ్లలో నరికే కూలీలే ఎక్కువన్న సంగతీ తెలుసు. శేషాచలం అడవుల్లో 2015 ఏప్రిల్‌లో జరిగిన ఎదురుకాల్పుల్లో చనిపోయిన 20 మందీ తమిళనాడు నుంచి వచ్చినవాళ్లన్న వార్త ఈ ప్రాంతం మరిచిపోలేదు. అలాంటి చోట కూర్చుని చూసిన ప్రేక్షకుడు 'కూలీ అంత తేలిగ్గా సిండికేట్‌కు పెద్ద అవుతాడా?' అని అడిగితే అది సినిమా పరిజ్ఞానం లేని ప్రశ్న అని కొట్టిపారేయడానికి లేదు. ఆ కథ దేని మీద నిలబడిందో, దేన్ని దాటేసిందో అతనికి తెలుసు. ఆ సినిమాలోని చిత్తూరు యాస సరిగ్గా ఉందా లేదా అన్న విషయంలో కూడా, పొరుగు ప్రాంతపు నెల్లూరువాళ్ల చెవికి ఉన్న అధికారం నగరంలోని సమీక్షకుడి చెవికి లేదు.

దీనికి ఇంకా మంచి ఉదాహరణ 2023 మార్చిలో వచ్చిన 'బలగం'. వేణు యెల్దండి తీసిన ఈ చిన్న సినిమాలో కథ అంతా ఒక ముసలాయన చావు చుట్టూ, పిండం కాకి ముట్టలేదన్న చింత చుట్టూ తిరుగుతుంది. చివర బుడగజంగం కళాకారులు కొమురమ్మ, మొగిలయ్య పాడే పాట కుటుంబాన్ని కలుపుతుంది. తెలంగాణ పల్లెల్లో వీధి కూడళ్లలో తెరలు కట్టి ఊరంతా కలిసి చూశారు, చూసిన తర్వాత విడిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకున్నారని పత్రికలు రాశాయి. ఆ భాష తెలంగాణది, ఆ పాట తీరు అక్కడిది. అయినా కాకికి పిండం పెట్టి ఆకాశం వైపు చూస్తూ నిలబడడం నెల్లూరు పల్లెకూ తెలుసు. ఆ ఎదురుచూపులో ఇంటివాళ్ల మొహాల్లో ఏం కనిపిస్తుందో తెలిసినవాళ్లు ఆ సన్నివేశం గురించి చెప్పే మాట, కెమెరా కోణాల గురించి చెప్పే పది మాటలకు తీసిపోదు. అలాంటి చూపరులకు అంకెలు ఇమ్మంటే ఎంత ఇచ్చినా ప్రయోజనం తక్కువే. 'మా నాయన దినం నాడు ఇట్టనే జరిగింది' అని ఒకరంటే మాత్రం, ఆ దర్శకుడు ఏం సాధించాడో అందులో తెలిసిపోతుంది.

మామూలు ప్రేక్షకుడి అభిప్రాయానికి ఒకప్పుడు అధికారం ఉన్నవాళ్లు భయపడ్డారని గుర్తు చేయడం ఇక్కడ అవసరం. 1939లో గూడవల్లి రామబ్రహ్మం 'రైతుబిడ్డ' తీశారు, బళ్లారి రాఘవ అందులో నటించారు. జమీందారీ పద్ధతి రైతును ఎలా పీల్చిందో చూపిన సినిమా అది. దాన్ని అడ్డుకోవడానికి ప్రయత్నించిన జమీందారుల్లో వెంకటగిరివారూ ఉన్నారు. నెల్లూరు జిల్లాలో పెద్ద భాగం ఒకప్పుడు ఆ సంస్థానం కిందిదే. ఆ సంస్థానపు రైతుల ఆందోళనలు, రైతుల గొంతుగా నెల్లూరులో నడిచిన 'జమీన్ రైతు' పత్రిక ఈ జిల్లా చరిత్రలో భాగాలు. అంతటి సంస్థానాధీశులు ఒక సినిమాకు ఎందుకు ఉలిక్కిపడ్డారు? అందులో నటన బాగుందనో, పాటలు బాగలేదనో కాదు గదా. శిస్తు కట్టే మనిషి ఆ సినిమా చూసి 'ఇది మా ఊరి సంగతే' అంటాడని. అదీ ప్రేక్షకుడి అభిప్రాయమే. మద్రాసు రాష్ట్రంలో జమీందారీల రద్దు చట్టం 1948లో వచ్చింది. ఒక్క సినిమా దాన్ని తెచ్చిందని నేననను, కానీ తెర మీద చూసినదాన్ని తన బతుకుతో పోల్చి చూసుకునే శక్తి మామూలు ప్రేక్షకుడికి మొదటి నుంచీ ఉందనడానికి ఇది చాలు.

ఇక అభ్యంతరాలు. మొదటిది చదువుకున్నవాళ్లు చెప్పేది. సినిమా ఒక కళ, దాని వెనక ఎడిటింగూ ఛాయాగ్రహణమూ స్క్రీన్‌ప్లే ఉంటాయి, వాటి గురించి ఏమీ తెలియనివాడి మాటకు విలువెక్కడిది, అలాంటివాళ్లను వింటూ పోతే సినిమా దిగజారదా అంటారు. దీనికి జవాబు ఈ ప్రాంతపు మనిషి పనిలోనే ఉంది. సింగీతం శ్రీనివాసరావు 1931లో పుట్టింది మన ఉదయగిరిలో. కె.వి. రెడ్డి దగ్గర పని నేర్చుకున్నారు. ఆయన 1987లో 'పుష్పక విమానం' తీశారు. అందులో సంభాషణలే లేవు. తెలుగు ప్రేక్షకులు మాటల కోసం, పంచ్ డైలాగుల కోసం హాలుకు వస్తారని నమ్మే పరిశ్రమలో ఒక్క మాట లేని సినిమా. ఏ సైగ వెనక ఏముందో, ఏ వస్తువు తర్వాత ఎందుకు పనికొస్తుందో చూసేవాడే పట్టుకోవాలి. జనం పట్టుకున్నారు, నవ్వారు, ఆ చివర రోజా పువ్వు దగ్గర దిగులుపడ్డారు. వేరువేరు పేర్లతో దక్షిణాది భాషలన్నిటివాళ్లూ, హిందీవాళ్లూ ఆ ఒక్క సినిమానే చూశారు. 1991లో ఆయనే 'ఆదిత్య 369'లో కాలయంత్రం ఎక్కించి కృష్ణదేవరాయల కొలువుకు తీసుకుపోతే అక్కడికీ వెంట నడిచారు. ఎడిటింగ్ అన్న పేరు తెలియకపోవడం వేరు, ఎడిటింగ్ చేసే పని అనుభవంలోకి రాకపోవడం వేరు. 'ఇంటర్వెల్ తర్వాత లాగినాడు' అన్న ప్రేక్షకుడు ఎడిటింగ్ గురించే చెప్తున్నాడు. లోపం ఎందుకు వచ్చిందో, ఎలా సరిచేయాలో చెప్పడం విమర్శకుడి పని. కొడవటిగంటి కుటుంబరావు, ముళ్లపూడి వెంకటరమణ లాంటివాళ్లు పత్రికల్లో సినిమాల గురించి రాసినప్పుడు ఆ పని చేశారు. లోపం ఏ చోట తగిలిందో చెప్పడానికి మాత్రం హాల్లో కూర్చున్నవాడే కావాలి. ఈ రెండు పనులు ఒకదానికొకటి అడ్డు కావు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బరువైనది. ప్రేక్షకుల మాట విని మంచి సినిమాలను చేతులారా పాడుచేసుకున్న సందర్భాలు లేవా? ఉన్నాయి, పైగా బాగా నమోదైన సందర్భాలున్నాయి. ఆర్సన్ వెల్స్ తీసిన 'ది మాగ్నిఫిసెంట్ ఆంబర్సన్స్'ను 1942 మార్చిలో అమెరికాలో పొమోనా అనే ఊళ్లో ముందస్తుగా ప్రదర్శించి, చూసినవాళ్లచేత కార్డుల మీద అభిప్రాయాలు రాయించారు. వాళ్లు అప్పుడే ఒక సరదా పాటల సినిమా చూసి కూర్చున్నారు. ఒక కుటుంబం కూలిపోయే కథ వాళ్లకు రుచించలేదు, చాలామంది బాగలేదని రాశారు. కొందరు మాత్రం గొప్ప సినిమా అని కూడా రాశారు. వెల్స్ అప్పుడు బ్రెజిల్‌లో ఉన్నారు. కంపెనీవాళ్లు కంగారుపడి నలభై నిమిషాలకు పైగా కోసేసి, ముగింపు మార్చి, 88 నిమిషాల సినిమాగా విడుదల చేశారు. తీసేసిన భాగం ఇప్పటికీ దొరకలేదు. దీన్ని చూపించి జనం మాట వినకూడదంటారు. నేను దీన్నే నా పక్షపు సాక్ష్యంగా చూస్తాను. పొమోనా ప్రేక్షకులు తమకు అనిపించింది రాశారు, ఏ ఆట తర్వాత ఏ మనస్థితిలో చూశారో పట్టించుకోకుండా కార్డులు లెక్కపెట్టి కత్తెర పట్టినది కంపెనీ. మెచ్చుకున్నవాళ్లు ఎందుకు మెచ్చుకున్నారో, నచ్చనివాళ్లకు ఎక్కడ నచ్చలేదో చదివి ఉంటే అంత నష్టం జరిగి ఉండేది కాదు. సంఖ్య ఒక్కటే చూశారు. ఇవాళ మొదటి ఆట రేటింగులు చూసి, రెండో రోజు నుంచే హాళ్లు మార్చేసే పద్ధతీ అదే జాతిది.

మూడో అభ్యంతరం నిర్మాతలది. డబ్బు తీసుకుని పొగిడేవాళ్లు, ఎదుటి హీరో మీద కోపంతో తిట్టేవాళ్లు, సినిమా చూడకుండానే చూసినట్టు మాట్లాడేవాళ్లు ఉన్నారు, కోట్లు పెట్టినవాళ్లు మొదటి వారాంతంలోనే మునిగిపోతున్నారు, కాబట్టి కొన్ని రోజులు సమీక్షలను ఆపాలి అంటారు. వాళ్ల బాధలో నిజం ఉంది. కేరళ హైకోర్టులో ఈ వివాదం వచ్చినప్పుడు, కోర్టుకు సాయంగా నియమితులైన న్యాయవాది విడుదలైన 48 గంటల దాకా వ్లాగర్లు సమీక్షలు ఆపాలని 2024లో సూచించారు. అదే ఏడాది డిసెంబరులో తమిళ నిర్మాతల సంఘం ఒకటి మూడు రోజుల నిషేధం కోరుతూ మద్రాసు హైకోర్టుకు వెళ్తే, మధ్యంతర నిషేధానికి కోర్టు ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం. తిట్టేవాడి నోరు మూయించే గడువు మెచ్చుకునేవాడి నోరూ మూయిస్తుంది. పెద్ద నటుల సినిమాకు ఆ మూడు రోజులూ ప్రచారమే కాపాడుతుంది, చిన్న సినిమాకు ఉన్నది చూసినవాళ్ల మాట ఒక్కటే. 2025 మార్చిలో 'కోర్ట్' విడుదలకు ముందే ప్రీమియర్లు వేశారు, వాటిని చూసినవాళ్ల మాట కోసమే. ఒక పోక్సో కేసు చుట్టూ తిరిగే కథకు, పెద్ద తారలు లేని సినిమాకు, ఆ మాటే ఊపిరైంది. మూడు రోజుల మౌనం అలాంటి సినిమాను హాళ్లలోంచి లేపేసేది. అబద్ధపు మాటకు విరుగుడు కారణాలు అడగడమే. డబ్బు తీసుకున్నవాడు 'అదిరింది' అనగలడు గానీ, ఏ సన్నివేశంలో ఏం జరిగితే ఏమనిపించిందో నాలుగు మాటలు చెప్పమంటే తడబడతాడు. చూసి మెచ్చినవాడు ఆగమన్నా ఆగడు.

ఇన్ని మాటల్లోనూ ఇంకా వినపడని గొంతు ఒకటుంది. పల్లెల్లో ఆడవాళ్లు, ముసలివాళ్లు సినిమా చూసేది ఎక్కువగా టీవీలో, విడుదలైన నెలలకు. వంట మధ్యలో లేచిపోతూ, ప్రకటనలప్పుడు పనులు చక్కబెట్టుకుంటూ చూస్తారు. వాళ్లు చూశారన్న సంగతి మాత్రం లెక్కకు వస్తుంది. 2015 నుంచి బార్క్ అనే సంస్థ గ్రామీణ ఇళ్లను కూడా కలిపి టీవీ వీక్షణను కొలుస్తోంది. ఏ ఛానెల్ ఎంతసేపు నడిచిందో ఆ కొలతలో ఉంటుంది, చూసిన మనిషి ఏమనుకుందో ఉండదు. హీరో వెంటపడి వేధిస్తుంటే దాన్ని ప్రేమగా చూపించే సన్నివేశం దగ్గర కాలేజీకి పోయే కూతురున్న తల్లికి ఏమనిపిస్తుంది? పొలం అమ్ముకునే రైతు పాత్రను మూడు నిమిషాల్లో తేల్చేసి పాటలోకి వెళ్లిపోతే, ఆ పరిస్థితిని ఇంట్లో చూసిన ఆమెకు ఏమనిపిస్తుంది? మైకులకు ఆమె దొరకదు. అంకెలు పెట్టే అలవాటు ఆమెకు లేదు. తెలుగు సినిమాల్లో స్త్రీ పాత్రల గురించి ఇన్నేళ్లుగా సాగుతున్న చర్చలో ఆమె సాక్ష్యం చేరలేదంటే ఆ చర్చ సగంతో నడుస్తున్నట్టే.

రేడియోకు ఈ పని చేసే వీలు ఉంది. కడప, తిరుపతి ఆకాశవాణి కేంద్రాలు ఈ ప్రాంతపు భాషను ఎరిగినవే. సినిమా హాళ్లలోంచి వెళ్లిపోయి, టీవీలోనూ వచ్చేసి, దాని మీద ఎవరి డబ్బూ ఆధారపడని రోజున, ఒక్క సినిమా గురించి పల్లెల్లోని అయిదారుగురు ప్రేక్షకులను మాట్లాడించే కార్యక్రమం ఊహించండి. బాగుందా లేదా అని అడగకుండా, ఎక్కడ లేచిపోవాలనిపించింది, ఎక్కడ మళ్లీ కూర్చున్నారు, ఏ మాట నమ్మలేదు, ఎవరు మీకు తెలిసిన మనిషిలా కనిపించారు అని అడగాలి. జవాబులు తడుముకుంటూ వస్తాయి, ఒకరితో ఒకరు విభేదిస్తారు, సగంలో మనసు మార్చుకుంటారు. అవన్నీ కోయకుండా ప్రసారం చేయాలి. మొదటి సినిమాగా ఏది తీసుకోవాలన్నది కూడా వాళ్లే చెప్పాలి, ముందుగా అడగాల్సింది ఇంతవరకూ ఎవరూ అడగని ఆ ఆడవాళ్లనే.